ఎక్కే దారి... దిగే దారి!

హోసూరు నుంచో, బళ్లారి నుంచో ఓ కుటుంబం కారులో తిరుమలకు బయల్దేరింది అనుకుందాం. స్టీరింగు దగ్గర నాన్న. పక్క సీట్లో ఫోను పట్టుకుని దారి చెబుతున్న పదో తరగతి అబ్బాయి. వెనక అమ్మా, నానమ్మా, పులిహోర డబ్బా. తిరుపతి ఊళ్లోకి వచ్చేశారు. 'రెండొందల మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి' అంది ఫోనులోని అమ్మాయి. తిరిగారు. ఎదురుగా పూలబండి. దాని వెనక ఆటో. ఆటో వెనక బస్సు. అన్నీ వీళ్ల వైపే వస్తున్నాయి!

'వన్‌వే సామీ... వెనక్కి తీయండి' అని పూలబండాయన చెయ్యి ఊపుతాడు. వెనక్కి తీయడానికి పది నిమిషాలు. ఈలోగా చుట్టూ హారన్లు. వెనక సీట్లో నానమ్మ గోవింద నామాలు మొదలుపెట్టేసింది.

తప్పెవరిది? నాన్నది కాదు. అబ్బాయిది కాదు. పూలబండాయనది అసలే కాదు. ఆ వీధిని ఎవరో ఎక్కడో కంప్యూటరు మీద గీశారు. గీసేటప్పుడు పెట్టాల్సిన ఒక చిన్న బాణం గుర్తు పెట్టడం మరిచిపోయారు. లేదా తిరగేసి పెట్టారు. అంతే!

మామూలు ఊళ్లో అయితే ఇదేమంత పెద్ద సంగతి కాదు. స్థానికులకు ఫోను అక్కర్లేదు, కొత్తవాళ్లు తక్కువ. కానీ తిరుపతి అలా కాదే! రోజూ వేలకు వేల మంది కొత్తవాళ్లు వచ్చిపోయే ఊరు. వాళ్లలో చాలామందికి లీలామహల్ సర్కిల్ ఎక్కడుందో, గాంధీ రోడ్డు ఎటు పోతుందో తెలీదు. అద్దం దించి దారి అడిగే అలవాటూ పోయింది. ఫోను ఏం చెబితే అదే వేదం. అందుకే ఇక్కడి పటంలో ఒక బాణం తప్పయితే దాని ఫలితం అనుభవించేవాళ్లు రోజుకో వందమంది పుట్టుకొస్తారు.

ఇంతకీ ఆ బాణాలు పెట్టేదెవరు?

ముగ్గు పెట్టినట్టే!

ఫోనులో దారి చూపే పటాలు రెండు రకాలు. కంపెనీలు తయారుచేసుకునేవి ఒకటి. జనం కలిసి గీసుకునేది ఇంకోటి. ఈ రెండో రకంలో అన్నిటికంటే పెద్దది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో లండన్‌లో చదువుకుంటున్న స్టీవ్ కోస్ట్ దీన్ని మొదలుపెట్టాడు. వాళ్ల దేశంలో పటాలు గీసే ప్రభుత్వ సంస్థ ఉంది, బ్రహ్మాండమైన పటాలున్నాయి. కానీ వాటిని వాడుకోవాలంటే డబ్బు కట్టాలి, షరతులకు ఒప్పుకోవాలి. 'జనం రాసుకునే విజ్ఞాన సర్వస్వం వికీపీడియా ఉన్నప్పుడు జనం గీసుకునే పటం ఎందుకుండకూడదు' అన్నది అతని ప్రశ్న. జీపీఎస్ పరికరం జేబులో వేసుకుని సైకిళ్ల మీదా కాలినడకనా వీధులన్నీ తిరిగి, ఆ గీతల్ని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు తొలి రోజుల్లో. ఇప్పుడైతే ఉపగ్రహ చిత్రాల మీద ఇంట్లో కూర్చునే గీసేయొచ్చు. ఆ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెబితే చాలు. దాన్ని మెరుగుపరిచి పంచిపెడితే మాత్రం అదీ అందరికీ అందుబాటులో ఉంచాలి. మెటా, యాపిల్, అమెజాన్ లాంటి పెద్ద సంస్థలు కూడా ఈ సమాచారాన్ని వాడుకుంటున్నాయి.

గీయడం ఎలా? ఇంటి ముందు ముగ్గు పెట్టడం వచ్చినవాళ్లకు ఇది రావడం ఎంతసేపు! ముందు చుక్కలు. ఆ చుక్కల్ని కలుపుతూ గీత. ఆ గీతే రోడ్డు. అయితే గీత ఒక్కటే చాలదు. అది జాతీయ రహదారా, సందా, మెట్లదారా... కంప్యూటరుకు తెలియాలి కదా. అందుకే ప్రతి గీతకూ చీటీలు కడతారు. ప్రయాణపు పెట్టెకు చీటీ కట్టినట్టన్నమాట. వీటినే ట్యాగులంటారు. ఒక్కో చీటీ మీద రెండు మాటలు. మొదటిది ప్రశ్న, రెండోది జవాబు. 'పేరు? తిలక్ రోడ్డు.' 'వన్‌వేనా? అవును.'

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. 'వన్‌వే... అవును' అని రాస్తే ఎటు నుంచి ఎటు? దానికి ఈ పటం చెప్పే సమాధానం చాలా సులువు. గీత ఏ చుక్క దగ్గర మొదలైందో అక్కడి నుంచి, ఏ చుక్క దగ్గర ఆగిందో అక్కడికి. గీసిన వరసే ప్రయాణపు వరస. పొరపాటున తిరగేసి గీసి ఉంటే రెండు మార్గాలున్నాయి. గీతను తిప్పేయడం. లేదా 'అవును' బదులు 'మైనస్ 1' అని రాయడం. 'గీసిన దానికి ఎదురు దిశలో' అని దానర్థం. తిప్పేయడమే మంచిదని అనుభవజ్ఞుల మాట.

దిక్కుకు సంబంధించి ఇంకో సరదా సంగతి. మనం ఎడమవైపు నడిపే దేశం కాబట్టి రౌండుగా ఉన్న కూడలిని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. గుళ్లో ప్రదక్షిణ చేసేదీ అదే దిశ. మాడ వీధుల్లో స్వామివారి వాహనం వెళ్లేదీ అలాగే. ఈ లెక్క తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కుడివైపు నడిపే దేశంలో కూర్చుని మన ఊరి పటం గీసే ఔత్సాహికుడు మాత్రం అలవాటు కొద్దీ అప్రదక్షిణంగా గీసేస్తే? రౌండు కూడలికి వన్‌వే చీటీ వేరే కట్టనక్కర్లేదు. అది ఎటూ వన్‌వేనే అని కంప్యూటరు అనుకుంటుంది. దాంతో ఆ కూడలి దగ్గర దారంతా తలకిందులు! పైగా మన దగ్గర సర్కిల్ అన్న ప్రతిదీ గుండ్రంగా ఉండదు. నాలుగు రోడ్లు కలిసే చోట ఓ విగ్రహమో, బుడ్డిపాటి దిమ్మో ఉన్నా అది సర్కిలే. పేరు చూసి గుండ్రంగా గీస్తే లేని రోడ్డును పుట్టించినట్టే.

అటు కాదు... ఇటు!

బాణం విలువ తెలియాలంటే తిరుమల ఘాట్ రోడ్లను మించిన పాఠం లేదు.

మొదటి ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. దాని ప్రణాళికలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాత్ర ఉంది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించారు. అంతకుముందు కొండెక్కాలంటే నడక, లేదంటే డోలీ. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు ఎక్కే బండీ దిగే బండీ ఆ ఒక్క దారిలోనే! 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. దాంతో పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి అని పంచేశారు. పాతదాంట్లో హెయిర్‌పిన్ మలుపులు ముప్పైకి పైనే. కొత్తదాంట్లో అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

వేగానికీ ఇక్కడ లెక్క ఉంది. ఎక్కేటప్పుడు 28 నిమిషాలకు ముందు, దిగేటప్పుడు 40 నిమిషాలకు ముందు అవతలి గేటుకు చేరకూడదని టీటీడీ నియమం పెట్టింది. టోల్‌గేటు దగ్గర ఇచ్చే చీటీ మీద టైము ఉంటుంది. ఇటూ అటూ దాదాపు 18, 19 కిలోమీటర్లే కాబట్టి లెక్కేస్తే ఎక్కేవాళ్లు గంటకు సగటున 40 లోపు, దిగేవాళ్లు 30 లోపు వెళ్లాలన్నమాట. పటంలో ఇలాంటి రోడ్డుకు వేగ పరిమితి చీటీ కట్టకపోతే కంప్యూటరు తన ఇష్టమొచ్చిన వేగం ఊహించుకుని 'పావుగంటలో కొండమీద ఉంటారు' అని చెప్పేస్తుంది.

సరే, ఇప్పుడో ఔత్సాహికుడు ఈ రెండు దారుల్నీ గీయడానికి కూర్చున్నాడు. ఎవరైనా సహజంగా కింది నుంచి పైకే గీస్తారు. అలిపిరి దగ్గర మొదటి చుక్క, కొండమీద ఆఖరి చుక్క. కొత్త రోడ్డు గీశాడు, వన్‌వే అని రాశాడు. భేష్. పాత రోడ్డూ అలాగే గీశాడు, వన్‌వే అని రాశాడు. కొంప మునిగింది! పటం లెక్క ప్రకారం ఇప్పుడు రెండు రోడ్లూ ఎక్కేవే. కొండెక్కిన కారు కిందికి దిగే దారే లేదు. దర్శనం అయ్యాక 'ఇంటికి దారి చూపు' అంటే ఫోను తెల్లమొహం వేస్తుంది. ఘాట్ రోడ్లకు గేట్లున్నాయి, సిబ్బంది ఉన్నారు. కాబట్టి ఎదురెళ్లే ప్రమాదం ఉండదు. గేట్లు లేని ఊరి వీధుల్లో ఆ అదృష్టం లేదు.

నియమం తాత్కాలికంగా మారితే? 2021 డిసెంబరు ఒకటో తేదీన ఎక్కే ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతింది. అంతకు కొద్దిరోజుల ముందే నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కూడా కొట్టుకుపోయింది. అప్పుడు పైకెళ్లే వాహనాల్ని కొత్త రోడ్డులో లింకు రోడ్డు దాకా పంపి, అక్కడి నుంచి పాత రోడ్డెక్కించి కొండమీదికి చేర్చారు. అంటే దిగే దారిలో ఓ ముక్క కొన్నాళ్లు ఎక్కే దారి కూడా అయింది. మరి పటంలో బాణం తీసేయాలా? 'వద్దు' అంటారు ఈ పని తెలిసినవాళ్లు. కారణం... పటాన్ని చాలామంది ఫోనులోకి దించుకుని నెలల తరబడి అదే వాడతారు. నాలుగు వారాల ఏర్పాటును చూసి బాణం తీసేస్తే, రోడ్డు బాగయ్యాక కూడా వాళ్ల ఫోనుల్లో ఆ పాత మాటే ఉండిపోతుంది. అందుకే కొద్దిరోజుల ముచ్చటను పటంలోకి ఎక్కించరు.

ఈ దిగే దారిలోనే ఇంకో విచిత్రం. అలిపిరి నుంచి నడిచి వెళ్లే భక్తులు గాలిగోపురం దాటాక, మోకాళ్ల పర్వతం చేరేముందు కొంతమేర ఈ రోడ్డు వెంబడే నడుస్తారు. బండ్లు కిందికి, మనుషులు పైకి! తప్పేం లేదు. వన్‌వే అనేది వాహనాలకే గానీ కాళ్లకు కాదు. పటంలోనూ అంతే. వన్‌వే అని రాసినా పాదచారికి రెండు వైపులా దారి చూపిస్తుంది.

మరి సైకిలు సంగతి?

అదీ అసలు ప్రశ్న.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లెక్కలో సైకిలు కూడా వాహనమే. కాబట్టి వన్‌వే అని రాస్తే సైకిలుకూ వర్తిస్తుంది. 'సైకిలుకు మాత్రం మినహాయింపు' అని చెప్పాలంటే ఇంకో చీటీ కట్టాలి. అందులో 'సైకిలుకు వన్‌వేనా? కాదు' అని రాయాలి. యూరప్‌లో ఈ చీటీకి చాలా పని. బెల్జియంలో 2004 నుంచి, ఫ్రాన్స్‌లో 2008 నుంచి నెమ్మదిగా వెళ్లాల్సిన చాలా వీధుల్లో సైకిళ్లు ఎదురు రావడానికి చట్టమే ఒప్పుకుంది. నో ఎంట్రీ బోర్డు కింద సైకిలు బొమ్మతో చిన్న పలక ఉంటుంది. కారుకు నో, సైకిలుకు సై!

మన దగ్గర ఆ పలక కనిపించదు. కానీ సైకిళ్లు ఎదురు రావడం మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. పొద్దున్నే పేపరు వేసే కుర్రాడు, పాలక్యాన్లు కట్టుకున్న పెద్దాయన, టిఫిను బాక్సుతో హోటలు పనికి వెళ్లే మనిషి... వన్‌వే అని చెప్పి వీళ్లెవరూ కిలోమీటరు చుట్టి రారు. పటం గీసే మనిషికి ఇది ధర్మసంకటం. కళ్లకు కనిపించేది రాయాలా? బోర్డు చెప్పేది రాయాలా? ఈ పటం పెట్టుకున్న సూత్రం ఏమిటంటే... జనం ఏం చేస్తున్నారన్నది కాదు, అక్కడ అనుమతి ఏమిటన్నదే రాయాలి. బోర్డు ఉంటే బోర్డు. సైకిలు బొమ్మ చుట్టూ ఎర్ర వలయం ఉంటే సైకిలుకు ప్రవేశం లేదని. నీలం గుండ్రంలో సైకిలు ఉంటే అది సైకిళ్ల కోసమే వేసిన దారి అని. ఏ బోర్డూ లేకపోతే ఏ చీటీ కట్టకుండా వదిలేయడమే నిజాయతీ. సొంత అభిప్రాయం రాయడానికి వీల్లేదు. 'ఈ రోడ్డు మీద సైకిలు తొక్కడం ప్రమాదం' అనిపించొచ్చు. అది నిజమే కావచ్చు కూడా. అయినా 'ప్రమాదం' వేరు, 'నిషేధం' వేరు.

సైకిలు దిగి నడిపించుకుంటూ వెళితేనే అనుమతి ఉన్న చోట్లకు ఇంకో మాట ఉంది... 'దిగి నడవాలి' అని. దీన్ని చూసిన ఫోను ఆ ముక్కను నడకగా లెక్కేసి టైము కాస్త పెంచుతుంది. రద్దీ బజారు వీధుల్లో మనవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. బోర్డు మాత్రం ఎవరూ పెట్టలేదు!

అన్నిటికంటే పెద్ద పొరపాటు మెట్ల దగ్గర జరుగుతుంది. అలిపిరి దారిలో మెట్లు 3,550 అని ప్రతి భక్తుడికీ నోటికొచ్చు. దాన్ని పటంలో 'మెట్లు' అని రాయకుండా మామూలు 'బాట' అని రాసేస్తే ఏమవుతుంది? ఉత్త బాట అంటే సైకిలు కూడా పోగలదనే ఈ పటం అనుకుంటుంది. ఇంకేం... సైకిలుపై తిరుమలకు దారి అడిగిన కుర్రాడికి 'గోపురం లోపలి నుంచి తిన్నగా వెళ్లండి' అని చెబుతుంది. సైకిలు భుజాన వేసుకుని మొక్కు తీర్చుకోవాల్సిందే.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చిక్కు చిత్తూరు వైపు పల్లెల్లో ఉంది. పూతలపట్టు మీదుగా తిరుపతికి వెళ్లే రోడ్డు, కర్నూలు నుంచి చిత్తూరు మీదుగా రాణిపేటకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి... ఇవన్నీ పటంలో పెద్ద తరగతి రోడ్లు. సైకిలు దారులు చూపే కొన్ని ప్రోగ్రాములు యూరప్ అలవాట్లతో తయారయ్యాయి. అక్కడ పెద్ద రోడ్డంటే సైకిలుకు పనికిరానిది. అందుకని దాన్ని తప్పించి చేలగట్ల మీదుగా, చెరువుకట్ట మీదుగా దారి చూపిస్తాయి. పల్లెకు ఉన్నది ఆ ఒక్క హైవేనే అయినప్పుడు ఏం చేయాలి? 'ఇక్కడ సైకిలుకు అనుమతి ఉంది' అని విడిగా చీటీ కట్టాలి. ఆ ఒక్క మాటతో దారి తిన్నగా అవుతుంది.

ఆ నాలుగు వరసల రోడ్లే ఇంకో కష్టం తెచ్చాయి. మధ్యలో డివైడరు ఉంటుంది కాబట్టి పటంలో దాన్ని ఒక గీతగా గీయరు. రెండు వన్‌వే గీతలుగా గీస్తారు. అవతలి పక్క చేను ఉన్న రైతుకు డివైడరులో సందు ఎక్కడుందో అదే లోకం. ఆ సందు పటంలో గీయకపోతే ఎదురుగా కనిపించే చేనుకు వెళ్లడానికి ఫోను రెండు మూడు కిలోమీటర్లు తిప్పుతుంది. గీసిన చోట సందు నిజంగా లేకపోతే అదింకా ఘోరం. జనం రాంగ్ రూట్లో రావడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. సందులు దూరదూరంగా పెట్టినవాళ్లకూ అందులో వాటా ఉంది.

సైకిలుకు రాజమర్యాద దక్కిన చోటూ మన తెలుగునేల మీద ఒకటుంది. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు. పైన సౌర పలకల కప్పు. 2023 అక్టోబరు ఒకటిన ప్రారంభమైంది. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి స్కూటరును కూడా రానివ్వరు. పక్కనే సైకిలుకు సొంత బాట! పటంలో ఈ రెండు గీతలూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికి 'సైకిలు... వద్దు', రెండోదానికి 'సైకిలు కోసమే' అని చీటీ. రెండూ తారుమారైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పంచాంగం తెలియని పటం

ఘాట్ రోడ్లను అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు మూసేస్తారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఓ చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక, ద్విచక్ర వాహనాలను పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకానే అనుమతించారు. తర్వాత ఆ వేళలూ మారాయి. ఇలాంటి 'ఫలానా వేళల్లో మాత్రమే' అనే షరతులు రాయడానికీ ఈ పటంలో ఏర్పాటుంది. గంటలు, వారాలు, నెలలు అన్నీ రాయొచ్చు.

కానీ బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు చూడండి. ఆ రోజు రెండు ఘాట్ రోడ్ల మీదా ద్విచక్ర వాహనాలు బంద్. అది ఏ తేదీ? ఏడాదికో తేదీ! తిథి, నక్షత్రం చూసి పెట్టేది కదా. అధిక మాసం వస్తే ఏకంగా రెండు బ్రహ్మోత్సవాలు, రెండు గరుడ సేవలు. 2023లో అలాగే సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి జరిగాయి. ఈ పటంలో వేళలు రాసే పద్ధతికి ఈస్టర్ తెలుసు. అదీ ఏటా మారే పండగే. 'ఈస్టర్‌కు రెండు రోజుల ముందు' అని రాస్తే తేదీ అదే లెక్కేసుకుంటుంది. బ్రహ్మోత్సవం ఐదో రోజు అంటే మాత్రం దానికి అర్థం కాదు. పద్ధతిని తయారుచేసినవాళ్ల గోడమీద ఉన్న క్యాలెండరు వేరు మరి. తెలుగు కుర్రాళ్లు ప్రపంచమంతా సాఫ్ట్‌వేరు రాస్తున్నారు. ఈ పని ఇంకా వాళ్ల కోసమే ఎదురుచూస్తోంది!

బాణాలూ సైకిళ్లూ అనగానే ఇదంతా వినోదం అనుకోవద్దు. 2021 అక్టోబరులో ఓ రాత్రి భారీ వాన. కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన ఓ కుటుంబం వాహనం తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లలో చిక్కుకుపోయింది. కొత్తగా పెళ్లయిన ఓ అమ్మాయి ప్రాణం పోయింది. వానొస్తే అండర్ బ్రిడ్జి కింద ఎంత నీరు నిలుస్తుందో అక్కడ ఉండేవాళ్లకు తెలుసు. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది? చీకట్లో నీళ్ల లోతు ఎవరికి కనిపిస్తుంది? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో 'ఇక్కడ నీరు నిలుస్తుంది' అని రాయడానికి ఒక చీటీ ఉంది. వంతెన ఎత్తు ఎంతో రాయడానికి ఇంకోటి. అన్ని యాప్‌లూ వాటిని చదవవు. రాసి ఉంటేనే కదా, రేపైనా చదివేది!

మన గీత... మన చేతిలో

జనం చేత పటం గీయించడంలో తెలుగువాళ్లకు పాత చుట్టరికమే ఉంది. 1800 సంవత్సరం తర్వాత కర్నల్ కోలిన్ మెకంజీ మైసూరు ప్రాంతాన్ని సర్వే చేస్తున్నప్పుడు ఊరూరా తిరిగి సమాచారం సేకరించింది ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, ఆయన చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య. మెకంజీ 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఇక ఈ కాలానికొస్తే 2008లో మొదలైన గూగుల్ మ్యాప్ మేకర్ సృష్టికర్త లలితేశ్ కాట్రగడ్డ. వీధి పేర్లూ బాణాలూ జనమే దిద్దేలా చేసిన ఆ ఏర్పాటులో మన దేశం వాళ్లు ఉత్సాహంగా పాల్గొన్నారు. 2017 మార్చిలో గూగుల్ దాన్ని మూసేసింది. జనం గీసిన గీతలు కంపెనీ పటంలో కలిసిపోయాయి. వాటిని మూటగట్టుకుని ఇంకోచోటికి తీసుకెళ్లే హక్కు గీసినవాళ్లకు లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కూ దానికీ ఉన్న తేడా అదే. ఇందులో గీసింది ఎవరైనా ఎప్పుడైనా మొత్తం దించుకోవచ్చు.

'పటాలు గీయడానికి సర్కారు అనుమతి అక్కర్లేదా' అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలతో భారతీయులకు ఈ విషయంలో చాలా వెసులుబాటు వచ్చింది. రక్షణ స్థావరాల లాంటి వాటి జోలికి వెళ్లకుండా వీధి పేరు, వన్‌వే బాణం దిద్దుకోవడానికి ఇబ్బంది లేదు.

మొదలుపెట్టాలంటే ఓ ఈమెయిలు చాలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్లో ఖాతా తెరిస్తే 'ఎడిట్' మీట కనిపిస్తుంది. కంప్యూటరు లేనివాళ్లకు ఆండ్రాయిడ్ ఫోనులో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఉంది. వీధిలో నిలబడితే అదే ప్రశ్నలు అడుగుతుంది. 'ఈ వీధి వన్‌వేనా? ఎటు?' 'ఇక్కడ సైకిలు బాట ఉందా?' బోర్డు చూసి జవాబు నొక్కడమే. పిల్లలకు సెలవుల్లో ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది! ఖాతా తెరవడం ఇష్టం లేకపోతే సైట్లోని పటం మీద ఓ గమనిక పెట్టి 'ఈ బాణం తిరగబడింది' అని రాసినా ఇంకొకరు దిద్దుతారు. ఒక్క జాగ్రత్త. వేరే కంపెనీ పటం చూసి కాపీ కొట్టకూడదు. అది దొంగతనం కిందికే వస్తుంది. కళ్లతో చూసింది, కాళ్లతో నడిచింది రాయాలి.

తెలుగు పేర్లు రాయడానికి విడిగా ఓ చీటీ ఉంది. తిరుచానూరు, రేణిగుంట, కాణిపాకం... ఇంగ్లిషు అక్షరాల్లోంచి యంత్రం ఊహించి రాసిన తెలుగు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఈ పని ఎందుకు చేయాలో చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా మూడు ముక్కలై తిరుపతి విడి జిల్లా అయినప్పుడు హద్దు గీతలు మళ్లీ గీయాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ఊరి నడిబొడ్డున పూర్తిగా తెరుచుకున్నప్పుడు పైవంతెన ఒక పొర, కింది రోడ్డు ఇంకో పొర అని చెప్పాల్సి వచ్చింది. ఎక్కడెక్కడ ఎక్కొచ్చు, ఎక్కడ దిగొచ్చు అన్నదానికి మళ్లీ బాణాలే. ఒకదాని మీద ఒకటిగా ఉన్న రోడ్లను కలుపుతూ పొరపాటున ఒక చుక్క పెట్టారంటే, వంతెన మీద నుంచి తిన్నగా కింది వీధిలోకి దూకమంటుంది ఫోను!

ఇంత చేసి 'సేవ్' నొక్కాక ఎంతసేపటికి కనిపిస్తుంది? సైట్లోని పటంలో కొద్ది నిమిషాల్లోనే. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అంతా నమోదవుతుంది. ఆకతాయి పని అయితే వెనక్కి తిప్పేస్తారు. ఫోనులోకి దించుకుని వాడే యాప్‌లకు చేరడానికి మాత్రం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. హోసూరు కారు మళ్లీ వచ్చేలోగా బాణం సరిగ్గా కూర్చుంటుందో లేదో! ఈలోగా ఆ వీధి మలుపులో పూలబండాయన చెయ్యి ఊపితే, ఫోను పక్కన పెట్టి బండి వెనక్కి తీయడమే.